చెరువు చాప, సాగు చాప, నడుమ పరక



మిరుగం దగ్గర పడింది. జూన్ 7నో 8నో పొద్దు మృగశిర కార్తెలో అడుగుపెట్టిన నాడు ముస్తాబాద్‌లో చాపల పులుసు వాసన రాని వాడకట్టు ఉండదు. సిరిసిల్లలోనూ అంతే, కోరుట్లలోనూ అంతే, జగిత్యాలలోనూ అంతే. చాప ముట్టనివాళ్లు ఇంత ఇంగువను బెల్లంలో పొదిగి మింగుతారు. ఎండలు పోయి వానలు దిగే ఆ మలుపులో ఒంట్లో వేడి నిలవాలని పెద్దల మాట. తెల్లవారకముందే రోడ్డు పక్కన టార్పాలిన్లు పరుచుకుంటాయి. తక్కెళ్లు వేలాడతాయి. కత్తిపీటల ముందు జనం వరుస కడతారు. ఆ వరుసలో నిలబడిన మనుషుల నోట ఏటేటా ఒకటే ప్రశ్న వింటున్నాను.

“అవ్వా, గిది చెరువు చాపనా, ఆంధ్ర చాపనా?”

“చెరువుదే బిడ్డా. మొప్పలు లేపి సూడు, ఎంత ఎర్రగున్నయో.”

ఆంధ్ర చాప అంటే కొల్లేటి చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు వైపు మేత వేసి పెంచి, ఐసు నింపిన పెట్టెల్లో లారీల మీద వచ్చే చాప. చెరువు చాప అంటే మన ఊరి చెరువులోనో, మానేరులోనో, నర్మాల దగ్గరి ఎగువ మానేరులోనో, మన్వాడ దగ్గరి మధ్య మానేరులోనో పట్టింది. రెంటికీ ధరలో తేడా ఉంది, రుచిలో తేడా ఉంది. ధర సంగతి జేబు చూసుకుంటుంది, రుచి సంగతి నాలుక చూసుకుంటుంది. అడిగే మనిషి మనసులో మూడో సంగతి ఒకటి ఉంటుంది. ఏది తింటే బలం? చంటిపిల్లకు ఏది పెట్టాలి? నెల తప్పిన కోడలికి ఏది వండాలి? ఈ పూట ఆ మూడోదాని గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందుగా మన చెరువు చాప పుట్టుక సంగతి చెప్పాలి. దాన్ని మనం ప్రకృతిలో తనంతట తాను పుట్టి పెరిగినదిగా అనుకుంటాం. రవ్వ, బొచ్చె, మోసు, ఈ మూడూ నిలువ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరదొచ్చిన ఏరు కావాలి, పారే నీటి ఒత్తిడి ఒంటికి తగలాలి. అందుకే పూర్వం వానకాలంలో నదుల వరద నీటిలోంచి చాప పిల్లలను వడకట్టి తెచ్చి చెరువుల్లో వదిలేవాళ్లు. అందులో ఏ జాతి పిల్ల ఏదో తేల్చడమే కష్టం. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చాప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని తల్లి చాపకు సూదితో ఎక్కించి, నదికి పోకుండానే గుడ్లు పెట్టించాడు. మన దేశంలో జులై 10ని చాప రైతుల దినంగా జరుపుకుంటున్నది అందుకే. ఆ రోజు నుంచి చాప పిల్లల ఉత్పత్తి కేంద్రాలు పుట్టాయి. తెలంగాణలో 2016లో ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చాప పిల్లలను ఇవ్వడం మొదలుపెట్టాక ఆ కేంద్రాల పిల్లలే ప్రాణవాయువు నింపిన పాలిథిన్ సంచుల్లో మన చెరువు కట్ట మీదికి వస్తున్నాయి. మత్స్య సహకార సంఘం వాళ్లు సంచి మూతి విప్పి నీళ్లలో వంచుతారు. ఆ తరవాత వాటికి ఎవరూ పిడికెడు మేత వేయరు. చెరువే తల్లి.

కాబట్టి మన రవ్వ పుట్టింది కేంద్రంలో, పెరిగింది చెరువులో. కైకలూరు రవ్వ పుట్టిందీ అలాంటి కేంద్రంలోనే, పెరిగింది మాత్రం మేత మీద. జాతి ఒకటే. ఇద్దరు అన్నదమ్ములను రెండు ఇళ్లల్లో పెంచినట్టు. ఇక ఎవరూ వదలకుండా, ఎవరూ లెక్కపెట్టకుండా చెరువులో తమంతట తాము బతికే జాతులు వేరే ఉన్నాయి. కొర్రమీను, మార్పు, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, చందమామ, అన్నిటికన్నా చిన్నగా వెండి రేకుల్లా మెరిసే పరక. నిజంగా అడవి చాప అనదగ్గది ఏదన్నా మన దగ్గర ఉంటే అది ఈ గుంపే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు బలం లెక్క. ఒంట్లో కండ కట్టడానికి కావలసిన మాంసకృత్తుల విషయంలో చెరువు రవ్వకూ సాగు రవ్వకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పచ్చి చాప 100 గ్రాముల్లో 17 నుంచి 20 గ్రాముల దాకా ఉంటాయి. ఆ మాంసకృత్తులు మంచి రకం, పప్పులో ఉండే వాటికన్నా సులువుగా ఒంటికి పడతాయి. రక్తానికి, నరాలకు కావలసిన విటమిన్ బీ12 కూరగాయల్లో దొరకదు, చాపలో దొరుకుతుంది, రెండు రకాల్లోనూ దొరుకుతుంది. ఈ రెంటి కోసమే అయితే ఏ చాప దొరికితే ఆ చాప తినండి. ఆంధ్ర చాప కొన్నందుకు ఎవరూ చిన్నబోనక్కర లేదు.

తేడా అంతా కొవ్వులో ఉంది. కొవ్వు అనగానే చెడ్డదనుకోకండి, చాప కొవ్వు మంచిదే. అందులో ఒమేగా-3 అనే రకం కొవ్వు ఉంటుంది. కడుపులోని బిడ్డ మెదడుకూ, కంటి చూపుకూ, పెద్దవాళ్ల గుండెకూ అది కావాలి. గ్రీన్‌లాండ్ మంచులో సముద్రపు కొవ్వు తిని బతికే ఇన్యూట్ జనానికి గుండెజబ్బులు తక్కువన్న మాటకు కారణం 1970లలో డెన్మార్క్ వైద్యులు బాంగ్, డైర్‌బర్గ్ వెతకబోతే ఈ ఒమేగా-3 మీదికి లోకం చూపు మళ్లింది. అయితే ఒమేగా-3 చాప సొంత సంపాదన కాదు. దానికి మూలం నీళ్లలోని నాచు, పాచి, కంటికి ఆనని ఆకుపచ్చ నలుసులు. వాటిని సన్న పురుగులు తింటాయి. పురుగులను చాప తింటుంది. చాపను మనం తింటాం. చెరువు నీళ్లు ఎండాకాలంలో పచ్చగా తిరిగితే పాడయ్యాయని మూతి తిప్పుకుంటాం గానీ, మన చాప బలం చాలావరకు ఆ పచ్చదనంలోదే. బొచ్చె పైనీళ్లలో ఆ సన్న పురుగులను వడకట్టుకుంటుంది. రవ్వ నడిమి నీళ్లలో, రాళ్లకూ కాడలకూ పట్టిన పాచిని గీరుకుంటుంది. మోసు అడుగున బురద నెమరేస్తుంది. చెరువులో మూడంతస్తుల వంటిల్లు నడుస్తున్నట్టే.

కైకలూరు వైపు వంటిల్లు వేరు. అక్కడ నూనె తీసేసిన తవుడే ప్రధానమైన మేత. దాంట్లో వేరుశనగ చెక్కో, పత్తి గింజల చెక్కో కలిపి, అడుగున చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, గుంటలో పాతిన వెదురు గడలకు వేలాడదీస్తారు. పడవ మీద వెళ్లి కడుతుంటే రవ్వలు ఆ సంచుల చుట్టూ మూగి చిల్లుల్లోంచి పీల్చుకు తింటాయి. ఇది కోస్తా రైతు తన బుద్ధితో కనిపెట్టిన పద్ధతి, మేత నీళ్లపాలు కాకుండా ఆదా చేసే పద్ధతి, దాన్ని మెచ్చుకోవాల్సిందే. ఇప్పుడు నీటి మీద తేలే గుళికల మేత కూడా వచ్చింది. అయితే నూనె తీసిన తవుడులో ఒమేగా-3 ఎక్కడిది? ఆ పిండి పదార్థాన్ని చాప తన ఒంట్లో కొవ్వుగా మార్చుకుంటుంది. మనం అన్నం ఎక్కువై పొట్ట పెంచుకున్నట్టు. ఆ కొవ్వు కొవ్వే, ఒమేగా-3 కాదు. నూనె గింజల చెక్కలు ఇచ్చేది ఎక్కువగా ఒమేగా-6 అనే మరో రకం కొవ్వు. దానికి మన ఇళ్లల్లో కొరత లేదు, పొద్దుతిరుగుడు నూనెలో మునిగి ఉన్నాం. గుంట నీళ్లలోనూ పచ్చదనం ఉంటుంది గనక సాగు రవ్వకు అసలే దొరకదని అనను. పాలు తగ్గుతుంది.

ఎంత తగ్గుతుంది, దానికి మనం ఎంత బెంగపడాలి? లోకంలో ఈ తేడా మీద లెక్కలు ఎక్కువగా వేసింది సాల్మన్ అనే సముద్రపు చాప మీద. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో పచ్చి అట్లాంటిక్ సాల్మన్ 100 గ్రాములకు కొవ్వు, సముద్రంలో పట్టినదాంట్లో సుమారు 6 గ్రాములు, సాగు చేసినదాంట్లో 13 గ్రాములు. మాంసకృత్తులు రెండింటిలోనూ 20 గ్రాముల దగ్గరే. శక్తి మొదటిదాంట్లో 142 కేలరీలు, రెండోదాంట్లో 208. ఈదే చాపకూ కూర్చొని తినే చాపకూ ఉండే తేడా ఇది. చిత్రమేమిటంటే, సాగు సాల్మన్‌కు కొవ్వే రెండింతలు గనక మొత్తం మీద ఒమేగా-3 కూడా ముక్కకు తక్కువ పడదు, ఒక్కోసారి ఎక్కువే ఉంటుంది. అయితే మేతలో చాప నూనె తగ్గించి మొక్కల నూనె పోస్తూ వచ్చారు. దాంతో స్కాట్లాండ్ సాగు సాల్మన్‌లో ఆ ఒమేగా-3 2006కూ 2015కూ మధ్య సగానికి పడిపోయిందని స్టెర్లింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచి చెప్పారు. పదేళ్లలో చాప మారలేదు, దాని కంచం మారింది. అలాగే 2007లో బోస్టన్ పరిశోధకులు కొలిస్తే సాగు సాల్మన్‌లో విటమిన్ డీ అడవి సాల్మన్‌లో ఉన్నదానిలో నాలుగో వంతే తేలింది.

ఈ అంకెలు మన రవ్వకు అతికించకూడదు. రవ్వ, బొచ్చె మామూలుగానే కొవ్వు తక్కువ చాపలు. వాటి కండలో కొవ్వు 100 గ్రాములకు రెండు మూడు గ్రాముల దగ్గర తిరుగుతుంది. అంత కొంచెంలో ఒమేగా-3 పాలు కొంత ఎక్కువైనా, కొంత తక్కువైనా మన ఆరోగ్యం తలకిందులు కాదు. చెరువు రవ్వ కొంచెం మెరుగు, అంతవరకు ఒప్పుకుంటాను. ఆ కొంచెం కోసం కిలోకు ఎక్కువ పెట్టి అరకిలోతో సరిపెట్టుకునేకన్నా, అందుబాటు ధరలో కిలో చాప ఇంటిల్లిపాదికీ పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. కాలం కూడా లెక్కలోకి వస్తుంది. మిరుగం నాటి చాప గుడ్లతో, కొవ్వుతో నిండి ఉంటుంది. చెరువులో నీళ్లు తగ్గి వలకు సులువుగా దొరుకుతుంది. వానలు పడి ఏరు పారాక గుడ్లు విడిచిన చాప చప్పబడి, సన్నబడి ఉంటుంది. ఒకే జాతి చాప, రెండు నెలల తేడాలో రెండు రకాల బలం. మన పెద్దలు ఈ పండగను సరిగ్గా ఇక్కడ పెట్టింది ఊరికే అనుకోను.

కొర్రమీను గురించి ఒక మాట. 2016లో తెలంగాణ రాష్ట్ర చాపగా దాన్ని ఎంచుకున్నారు. ఆపరేషన్ అయిన మనిషికి కొర్రమీను పులుసు పెట్టమని మన దిక్కు ఇప్పటికీ చెబుతారు. నాటు కొర్రమీను కప్పలు, పురుగులు, చిన్న చాపలు వేటాడి తింటుంది. ఫారం కొర్రమీను మాంసకృత్తులు దట్టించిన గుళికలు తింటుంది. రెండూ కొవ్వు తక్కువ, కండ ఎక్కువ. నాటుదాని రుచి వేరే అంటే నేను కాదనను. పుండు మానడానికి కావలసింది మాత్రం రెండిట్లోనూ దొరుకుతుంది.

జిలేబి చాప, అంటే తిలాపియా విషయంలో కొంచెం ఎక్కువ జాగ్రత్త చెబుతాను. మధ్య మానేరులో వలల పంజరాలు కట్టి తిలాపియా పెంచే ఆలోచన ఈ మధ్య ఏళ్లలో మన జిల్లాలోకి వచ్చింది గనక ఇది మనకు దగ్గరి సంగతే. 2008లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు సాగు తిలాపియాను పరీక్షిస్తే అందులో ఒమేగా-3 బాగా తక్కువ, ఒమేగా-6 జాతి కొవ్వు దానికన్నా ఎక్కువ తేలింది. అలాగని తిలాపియా విషం కాదు. తక్కువ ధరలో మంచి మాంసకృత్తులే. గుండె కోసం డాక్టరు చాప తినమంటే మాత్రం ఆ పని తిలాపియాతో తీరదు. మానేరులో పంజరాలు లేచిన నాడు ఎన్ని టన్నులు పండింది అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. ఏ మేత వేస్తున్నారు అని అడిగేవాళ్లు కూడా కావాలి.

అడవి చాప అంటే మచ్చలేనిదని కూడా అనుకోవద్దు. పత్తి చేనికీ వరి పొలానికీ కొట్టిన మందు వాననీటితో కొట్టుకొచ్చి చేరేది చెరువులోకే. సాగు గుంటకు రోగాల మందుల బెడద ఉంది, ఊరి చెరువుకు పురుగుమందుల బెడద ఉంది. ఇక దూరం నుంచి వచ్చే చాపకు నిలువ బెడద. 2018లో చాపల్లో ఫార్మాలిన్ అనుమానంతో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చాపలను కొన్నాళ్లు ఆపింది. అది పెంపకం తప్పు కాదు, దారిలో చేరే మందు. అందుకే అవ్వ చెప్పినట్టు మొప్పలు లేపి చూడండి. కన్ను పొంగి, తేటగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట నిలవకుండా పైకి లేవాలి. ఈ మూడు పరీక్షలు ఏ చాపకైనా ఒకటే.

ఇంతదాకా పెద్ద చాపల మధ్య తగవు తీర్చాను. నిజానికి నేను చెప్పదలచుకున్నది పరక గురించి.

నా చిన్నతనంలో మత్తడి దూకిన నాడు ఊరు ఊరంతా చెరువు కింద ఉండేది. నీళ్లకు ఎదురెక్కే చాపలను చీరకొంగులతో, బుట్టలతో, చేతులతో పట్టేవాళ్లం. ఇంటికి తెచ్చిన వాటిలో ముప్పాతిక పరకలే. మా అమ్మమ్మ వాటిని బూడిదలో పొర్లించి రాతి మీద రుద్దేది. బొటనవేలితో పొట్ట నొక్కి లోపలిది తీసేది. తల మాత్రం తీసేది కాదు. చింతచిగురు నలిపి పోసి, మట్టి కంచుడులో దగ్గరికి ఉడికించేది. ముళ్లు, తల, కళ్లు అన్నీ అన్నంలో కలిసిపోయేవి. వాటిని ఏరి పారేయడం మాకు తెలియదు. అప్పట్లో అది లేనివాళ్ల కూర. రవ్వ ముక్క కొనలేనివాళ్లు వండుకునేది.

ఆ కూరలో ఏముందో లోకానికి కొలిచి చూపించిన మనిషి శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్. కరీబియన్ దీవుల్లోని ట్రినిడాడ్‌లో, మన దేశం నుంచి వలస పోయిన కుటుంబంలో పుట్టింది. బంగ్లాదేశ్‌లో ఏళ్ల తరబడి పల్లెల్లో దొరికే చిరుచాపలను పరీక్షించింది. 2021లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. బంగ్లా జనం మోలా అని పిలిచే వేలెడంత చాప ఒకటి ఉంది, మన దేశంలోనూ చెరువుల్లో ఉండేదే. దాని 100 గ్రాముల్లో 2,500 మైక్రోగ్రాములకు పైగా విటమిన్ ఏ ఉందని తేలింది. పెద్ద జాతి చాపల్లో అది యాభైకి లోపే. ఏడాది దాటిన పిల్లకు రోజుకు కావలసింది సుమారు 400. అంటే నాలుగైదు మోలాలు ఆ పిల్లకు సరిపోతాయి. అదే రవ్వ ముక్కలతో తీరాలంటే ముప్పావు కిలో పైనే తినాలి. ఆ విటమిన్ దాదాపుగా అంతా ఎక్కడుందో తెలుసా? కళ్లలో, పొట్టలో. తల కోసి పారేస్తే సగం పోయినట్టే. మా అమ్మమ్మకు మైక్రోగ్రాములు తెలియవు. తల తీయకూడదని తెలుసు.

చిరుచాపలన్నిటిలోనూ విటమిన్ ఏ మోలాలో ఉన్నంత ఉండదు. మన పరక జాతిలో అది బాగా తక్కువ. ఆ మాట దాచకుండా చెప్పాలి. సున్నం, అంటే కాల్షియం సంగతి వేరు. ముళ్లతో సహా నమిలి తినే ఏ చిరుచాపలోనైనా అది దండిగా ఉంటుంది. మోలా 100 గ్రాముల్లో 800 మిల్లీగ్రాముల దగ్గర. ఆవుపాలు 100 మిల్లీలీటర్లలో సుమారు 120. ఆ ముళ్లలోని కాల్షియం పాలలోని కాల్షియం లాగే ఒంటికి పడుతుందని కూడా పరీక్షించి చూశారు. రవ్వలో కాల్షియం లేదా అంటే ఉంది, ముల్లులో ఉంది. ఆ ముల్లు మనం కుక్కకు వేస్తాం. ఇనుము, జింకు కూడా కండలోకన్నా తలా ముల్లూ కలిసిన చిరుచాపలోనే ఎక్కువ.

బంగ్లాదేశ్‌లోనే జరిగిన మరో సంగతి వినండి. అక్కడ 1991 నుంచి 2010 లోపు చాపల సాగు విపరీతంగా పెరిగింది. మనిషి తినే చాప 30 శాతం పెరిగింది. పండగ చేసుకోవాల్సిన మాట. కానీ బోగార్డ్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్లు 2017లో లెక్క తీస్తే చాపల ద్వారా జనానికి అందే ఇనుము, కాల్షియం ఆ ఇరవై ఏళ్లలో తగ్గిపోయాయి. ఎందుకంటే వాగుల్లో, మడుగుల్లో పట్టే చిరుచాపల చోటులోకి సాగు చేసిన పెద్ద చాపల ముక్కలు వచ్చాయి. కంచంలో చాప పెరిగింది, చాపలో సారం తగ్గింది. ఇప్పుడు లోకమంతా ఆ దారినే ఉంది. 2022లో మొదటిసారి నీటి జీవుల సాగు వేటను దాటేసిందని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రకటించింది, మొత్తంలో 51 శాతం సాగుదే. సాగు లేకపోతే ఇంత జనాభాకు చాప అందదు, దాన్ని తప్పుపట్టలేం. మన చెరువుల్లోనూ రవ్వ, బొచ్చె నింపడం మంచిదే, సంఘం వాళ్ల చేతిలో నాలుగు రూపాయలు పడతాయి. పరక ఏమైపోతోందని మాత్రం అడగాలి.

చాపల పెంపకం పుస్తకాల్లో ఈ చిన్న జాతులకు ఒక పేరుంది, కలుపు చాపలు. చేనులో కలుపు తీసినట్టు వీటిని తీసేయమని రాస్తారు. గుంటలో పిల్లలను వదిలే ముందు ఎకరా నీటికి టన్ను లెక్కన ఇప్ప చెక్క చల్లితే దాని కాటుకు లోపలున్న చాపలన్నీ తేలిపోతాయి. కొర్రమీను, వాలుగ లాంటివి పిల్లలను మింగుతాయని చంపడం వేరు. పరక ఎవరినీ మింగదు. రవ్వ మేతలో వాటా తింటుందని దాని నేరం. ఆ నేరం కూడా నిలవలేదు. బంగ్లాదేశ్‌లో మోలాను రవ్వ, బొచ్చెతో కలిపి పెంచితే పెద్ద చాపల దిగుబడి తగ్గలేదు. పైగా ఏటా కొనాల్సిన పని లేదు. రవ్వ చెరువులో గుడ్లు పెట్టదు గనక ఏటా పిల్లలు తెచ్చి వదలాలి. చిరుచాప ఆ చెరువులోనే ఏడాదికి రెండు మూడు సార్లు ఈనుకుంటుంది. పక్కనున్న ఒడిశాలో పంచాయతీ చెరువుల్లో మోలాను కలిపి పెంచే పని మొదలుపెట్టారు. అంగన్‌వాడీ పిల్లలకు ఎండు చిరుచాపలు పెట్టి కూడా చూశారు.

ఇది మన ఇంటి సంగతి ఎందుకయిందంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లల్లో పొద్దంతా వంగి బీడీలు చుట్టే ఆడవాళ్లను తలుచుకోండి. సాంచాల చప్పుడులో రాత్రి పాళీ చేసి వచ్చే నేతన్న ఇంటిని తలుచుకోండి. వాళ్లకు ఇనుము బిళ్లలు ఇస్తాం, ఇవ్వాలి. ఊరి చెరువులో ఈదే ఇనుమును కలుపు అని పిలవడం మాత్రం మానాలి.

సంఘం పెద్దలకు నా మనవి చిన్నది. తొలకరికి మత్తడి మీద, కాలువల్లో దోమతెరలు అడ్డం పెట్టి ఎదురెక్కే చాపనంతా ఊడ్చేయకుండా పది పదిహేను రోజులు ఆపండి. ఆ పదిహేను రోజుల్లో గుడ్లు పెట్టుకుంటే ఏడాదంతా పరక ఉంటుంది. ఎదురెక్కే చాపలు పట్టడంలో ఉన్న సంబురం నాకు తెలుసు, నా చేతులకు ఇప్పటికీ ఆ జారుడు గుర్తుంది. అయినా అడుగుతున్నాను. చెరువులో పూడిక తీసినా ఒక మూల లోతుగా, నాచుతో, తుంగతో వదిలిపెట్టండి. ఎండాకాలం చిన్న జాతులన్నీ ప్రాణం దాచుకునేది అక్కడే.

వంటింటి వాళ్లకు చెప్పేది కూడా కొంచెమే. పరక తల తీయకండి. లోపలిది నొక్కి పారేయండి, చేదు పోతుంది, మందుల భయమూ కొంత తగ్గుతుంది. నూనెలో కరకరలాడేదాకా మాడిస్తే రుచి వస్తుంది గానీ మంచి కొవ్వు పోయి వేపుడు నూనె ఎక్కుతుంది. చింతచిగురో, పచ్చి మామిడికాయో వేసి మెత్తగా ఉడికించండి. పులుపు ముల్లును మెత్తబరుస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు ఉడికిన పరకలను మెత్తగా నూరి, వడకట్టి, అన్నంలో పప్పులో కలిపి పెట్టండి. ఎండబెట్టిన పరకలైతే ఇనుము, కాల్షియం నిలుస్తాయి, విటమిన్ ఏ మాత్రం ఎండకు పోతుంది. ఉప్పు పట్టించినవైతే బీపీ ఉన్నవాళ్లు తగ్గించాలి.

మొన్న అంగట్లో నేను కిలోన్నర బొచ్చె తీసుకున్నాను. అవ్వ ముక్కలు కొట్టి సంచిలో వేసి, పక్కన గిన్నెలోంచి పిడికెడు పరకలు తీసి కొసరుగా పైన వేసింది. “ఎందుకవ్వా, పైసలు తీసుకో” అంటే, “వీటికి పైసలెవరిస్తరు బిడ్డా, పిల్లికి వేసుకో” అంది. ఆ పిడికెడు పరకలను చింతచిగురులో వండి ఆ రాత్రి మా మనవరాలికి నేనే తినిపించాను. తలలతో సహా.